సర్పగంధ టిష్యూ కల్చర్: వేడి, తేమల మధ్య పనిచేసే ఒక ల్యాబ్ కేస్ స్టడీ

ఈ కేసు ఒక వాణిజ్య టిష్యూ కల్చర్ ల్యాబ్‌ది, అంటే మొక్క ముక్కల్ని సీసాల్లో, సూక్ష్మజీవులు లేని పోషక మిశ్రమం (మీడియం) మీద పెంచి కొత్త మొక్కలు చేసే చోటు. ఉష్ణమండలంలో, ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 80 శాతం పైన ఉండే చోట నడుస్తోంది. అరటి, అలంకరణ మొక్కల ఉత్పత్తిలో వాళ్లకి మంచి అనుభవం ఉంది. సర్పగంధ అనే మందు మొక్క మొదలుపెట్టాకే ఇబ్బందులు వచ్చాయి. వానాకాలంలో పెట్టిన సీసాల్లో సగానికి పైగా బూజుతోనో బ్యాక్టీరియాతోనో పోతున్నాయి. మిగిలిన వాటిలో చిగుళ్లు వస్తున్నా, ఆకులు పారదర్శకంగా, పట్టుకుంటే విరిగేలా ఉంటున్నాయి. ఎలాగో వేళ్లు వచ్చిన మొక్కల్ని బయటికి తెస్తే ఎక్కువ భాగం మొదటి వారంలోనే వాడిపోతున్నాయి. సాంకేతిక సలహా కోసం నన్ను పిలిచినప్పుడు వాళ్లు అడిగింది ఒక్కటే: ఈ మొక్కకు సరిపోయే మంచి మీడియం ఫార్ములా కావాలి.

వాళ్ల ఫార్ములాలో పెద్ద తప్పేమీ కనిపించలేదు. మురాషిగే, స్కూగ్ 1962లో పొగాకు కణజాలం కోసం తయారుచేసిన ఎంఎస్ మీడియం, లీటరుకు 30 గ్రాముల చక్కెర, 5.8 పీహెచ్, చిగుళ్లు తెప్పించే సైటోకైనిన్ రకం హార్మోన్ బీఏపీ, దాంతో కొద్దిగా వేళ్లు తెప్పించే ఆక్సిన్ రకం ఎన్ఏఏ. సర్పగంధకు చాలామంది వాడేది కూడా ఇంచుమించు ఇదే. అందుకే ముందు మీడియం జోలికి పోలేదు. ముక్కలు కోసే తల్లి మొక్క నుంచి, సీసా మొక్కల్ని బయటి గాలికి అలవాటు చేసే హార్డెనింగ్ షెడ్డు దాకా నీరు ఎక్కడెక్కడ నిలుస్తోంది, ఎక్కడ ఎండిపోతోంది అన్నది చూడటం మొదలుపెట్టాను. వేడి ప్రాంతాల ల్యాబుల్లో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం చివరికి అక్కడికే చేరాయి.

ఈ మొక్కకి ఇంత శ్రమ ఎందుకు

సర్పగంధ, శాస్త్రీయంగా రావుల్ఫియా సెర్పెంటినా, దక్షిణాసియా, ఆగ్నేయాసియా అడవుల్లో చెట్ల నీడన పెరిగే చిన్న పొద. దాని వేళ్లలో రిసర్పిన్, అజ్మలిన్, సెర్పెంటిన్ వంటి ఆల్కలాయిడ్లు ఉంటాయి. 1952లో రిసర్పిన్‌ను విడిగా తీసి చూపించాక రక్తపోటు మందుగా దానికి ప్రపంచమంతా గిరాకీ వచ్చింది. వేరు కావాలంటే మొక్కను పెకలించాల్సిందే. అడవిలో దీని సంఖ్య తగ్గిపోయింది కాబట్టే అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో దీన్ని చేర్చారు.

గింజతో పెంచవచ్చు. కానీ గింజ పెంకు గట్టిది, నిల్వ ఉంచితే మొలక శక్తి త్వరగా పడిపోతుంది. నీళ్లలో వేస్తే తేలిపోయే తాలు గింజలే చాలా ఉంటాయి. పైగా ఒక మొక్కకీ ఇంకో మొక్కకీ వేరులోని ఆల్కలాయిడ్ల శాతం బాగా మారుతుంది. మంచి మొక్కను గుర్తించాక దాన్నే వందలుగా, అచ్చు అలాగే పెంచుకోవాలన్నప్పుడు టిష్యూ కల్చర్ నిజంగా అక్కరకొస్తుంది. అందువల్ల ల్యాబ్ వాళ్లకి మొదటే చెప్పాను, ఏ మొక్క దొరికితే దాని కణుపులు కోసి పెట్టవద్దని. తల్లి మొక్కల పక్క వేళ్లు కొద్దిగా తీసి రిసర్పిన్ పరీక్ష చేయించి, మెరుగ్గా ఉన్నవాటినే ఎంచుకున్నాం. మందు మొక్కల విషయంలో ఈ మెట్టు దాటేసి లక్ష మొక్కలు చేసినా నాసిరకాన్ని లక్ష రెట్లు చేసినట్టే.

తల్లి మొక్కల దగ్గర

తల్లి మొక్కలు ల్యాబ్ వెనక ఆరుబయట మడిలో ఉన్నాయి. పైనుంచి స్ప్రింక్లర్‌తో నీళ్లు. వాన పడ్డప్పుడల్లా మట్టి తుంపర కాండం మీదికి చిందుతోంది. సర్పగంధలో ఒక్కో కణుపు దగ్గర సాధారణంగా మూడు ఆకులు వలయంగా వస్తాయి. తొడిమ కాండానికి అతుక్కునే ఆ సందుల్లో నీళ్లు, వాటితో పాటు మట్టిలోని బ్యాక్టీరియా, బూజు బీజాలు నిలుస్తాయి. మనకి కావలసిన పక్క మొగ్గ ఉండేది సరిగ్గా అక్కడే. అలాంటి కణుపు తెచ్చి ఎంత ఘాటు మందులో ముంచినా సందులోపలికి మందు సరిగా చేరదు. చేరేంత సేపు ఉంచితే మొగ్గ చస్తుంది.

ఎంచుకున్న మొక్కల్ని కుండీల్లోకి మార్పించాం. పైన పారదర్శక షీటు, చుట్టూ కీటకాలు రాని నెట్, నీళ్లు మొక్క మొదలు దగ్గర మాత్రమే, ఆకులు తడవకుండా. పాత కొమ్మలు కత్తిరించి కొత్త కొమ్మలు రానిచ్చాం. కోతకు ముందు బూజు మందు కార్బెండజిమ్ పిచికారీ చేయించాం. కోసేది కూడా మంచు పూర్తిగా ఆరాకే, కొస నుంచి మూడో కణుపు మొదలు అయిదో కణుపు వరకే. అంతకన్నా కింది కణుపుల్లో మొగ్గ ముదిరి ఉంటుంది, లోపలి బ్యాక్టీరియా కూడా ఎక్కువ.

ల్యాబ్ సిబ్బందికి మొదట ఇది తమ పని అనిపించలేదు. తల్లి మొక్కలు నర్సరీ వాళ్ల బాధ్యత, ల్యాబ్ పని వడగట్టిన గాలి వీచే బల్ల (లామినార్ ఫ్లో) ముందు మొదలవుతుందన్నది చాలాచోట్ల ఉన్న అలవాటే. కుండీల్లోని కణుపుల్నీ మడిలోని కణుపుల్నీ ఒకే రోజు, ఒకే పద్ధతిలో పెట్టించి, రెండు ర్యాకులు పక్కపక్కనే ఉంచాం. రెండు వారాల్లో ఆ తేడా అందరికీ కంటితోనే కనిపించింది. ఆ తర్వాత వాదన లేదు.

శుభ్రం చేసే పద్ధతి

అప్పటిదాకా వాళ్లు పాదరసం ఉన్న మెర్క్యురిక్ క్లోరైడ్ 0.1 శాతం ద్రావణంలో కణుపుల్ని చాలాసేపు ఉంచుతున్నారు. కంటామినేషన్ (బూజు, బ్యాక్టీరియా పట్టడం) పెరిగినకొద్దీ సమయమూ పెంచారు. ఫలితంగా బూజు పట్టని కణుపులు కూడా గోధుమరంగు తిరిగి చచ్చేవి. సర్పగంధ కాండం కోస్తే పాలు కారతాయి. ఆ పాలు, గాయం దగ్గర వచ్చే ఫినాల్స్ అనే రసాయనాలు కలిసి మీడియంను నల్లబరుస్తాయి. మందు దెబ్బ ఎక్కువైతే ఈ నలుపు ఇంకా ఎక్కువవుతుంది.

కొత్త పద్ధతిలో కణుపుల్ని ముందు అరగంట పారే నీళ్లలో ఉంచాం, పాలన్నీ పోవాలి. తర్వాత ట్వీన్-20 అనే సబ్బులాంటి ద్రవం చుక్కలు వేసిన నీళ్లలో కడిగి, 70 శాతం ఇథనాల్‌లో అర నిమిషం, ఆపైన క్లోరిన్ ఒక శాతం ఉండేలా కలిపిన సోడియం హైపోక్లోరైట్‌లో పది నిమిషాలు. స్టెరైల్ నీళ్లతో నాలుగైదు సార్లు కడిగాక, మందు తగిలిన రెండు చివర్లూ కోసేసి మీడియంలో పెట్టాలి. చివరి కడుగు నీళ్లలో లీటరుకు 100 మిల్లీగ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం కలిపితే నల్లబడటం తగ్గింది. పెట్టిన మర్నాడో ఆ మర్నాడో కొత్త మీడియంలోకి ఒకసారి మార్చడం కూడా బాగా పనిచేసింది.

హైపోక్లోరైట్ విషయంలో వేడి ప్రాంతాల వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎండకీ వేడికీ దాని బలం త్వరగా పడిపోతుంది. డబ్బా మీద రాసిన శాతాన్ని నమ్మి కొలిస్తే సగం బలం కూడా ఉండకపోవచ్చు. చల్లగా, చీకట్లో ఉంచాలి, తరచూ పరీక్షించుకోవాలి. హైపోక్లోరైట్ పనిచేయదని పక్కన పెట్టిన చాలా ల్యాబుల్లో అసలు కారణం ఇదేనని నా నమ్మకం. మెర్క్యురిక్ క్లోరైడ్‌ను పూర్తిగా మానలేని రోజులుంటే తక్కువ సమయం వాడండి, కానీ ఆ నీళ్లు సింకులో పోయవద్దు. పాదరసం ఉన్న ప్రతి చుక్కా వేరే డబ్బాలోకి వెళ్లాలి, ప్రమాదకర వ్యర్థంగా అప్పగించాలి. మనుషులకు మందు అయ్యే మొక్కను పెంచుతూ నేలకీ నీటికీ విషం చేర్చే పని మనం చేయకూడదు.

ఇన్ని చేసినా కొన్ని సీసాల్లో రెండు మూడు సబ్‌కల్చర్ల (విడదీసి కొత్త మీడియంలోకి మార్చడం) తర్వాత మొక్క మొదట్లో, మీడియం లోపల పాలపొర వంటి మసక కనిపించింది. కణజాలం లోపలే దాక్కున్న బ్యాక్టీరియా అది. యాంటీబయాటిక్ వేస్తే కొన్నాళ్లు అణిగి ఉంటుంది, తీసేస్తే మళ్లీ వస్తుంది. మేం ఆ దారిలో పోలేదు. ప్రతి లైను (ఒకే కణుపు నుంచి వచ్చిన సీసాల వరస) నుంచి కాండం ముక్క ఒకటి, బ్యాక్టీరియా ఉంటే పెరిగే న్యూట్రియెంట్ అగార్ మీద వేసి 30 డిగ్రీల దగ్గర ఉంచి చూశాం. పెరుగుదల కనిపించిన లైను మొత్తాన్నీ తీసేశాం. చెడిన సీసాలు ఎప్పుడైనా సరే మూత తెరవకుండా ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే పాత్ర) పెట్టాకే కడగాలి.

గ్రోత్ రూమ్: అసలు చిక్కు ఇక్కడ

గదిలో ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు అటూఇటూ రెండు డిగ్రీలు అని రిజిస్టర్‌లో ఉంది. అది ఏసీ పక్కన ఉన్న థర్మామీటర్ లెక్క. ర్యాకుల మధ్య చిన్న లాగర్లు పెట్టి చూస్తే, మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడల్లా 34, 35 డిగ్రీల దాకా పోతోంది, కరెంటు రాగానే ఏసీ పూర్తి వేగంతో నడిచి గబగబా దించేస్తోంది.

వేడెక్కి చల్లబడే సీసా ఊపిరి తీసినట్టే గాలిని వదిలి, మళ్లీ పీల్చుకుంటుంది. 35 డిగ్రీల నుంచి 25కి దిగితే లోపలి గాలి సుమారు మూడు శాతం కుంచించుకుపోతుంది. 300 మిల్లీలీటర్ల గాలి ఉన్న సీసాలోకి దాదాపు పది మిల్లీలీటర్ల బయటి గాలి మూత అంచుల నుంచి లోపలికి వస్తుందన్నమాట, దాంతో పాటు బీజాలూ వస్తాయి. పెట్టిన రెండు వారాలు శుభ్రంగా ఉండి, మూడో వారంలో మూత అంచు నుంచి బూజు మొదలయ్యే సీసాల కథ ఇదే. అలాంటి వాటికి కణుపుల్ని పైన శుభ్రం చేసే పద్ధతిని (సర్ఫేస్ స్టెరిలైజేషన్) ఎంత మార్చినా లాభం లేదు. ఆటోక్లేవ్ నుంచి తీసిన వేడి మీడియం సీసాలకీ ఇదే సూత్రం. వాటిని మామూలు గదిలో చల్లార్చడం మానిపించి, ఫిల్టర్ గాలి వచ్చే గదికి మార్చాం.

రెండో సమస్య ట్యూబ్‌లైట్ల చోకులు. ర్యాకు కింద బిగించిన చోకు వేడికి, పై అరలో సీసాల అడుగు వెచ్చబడుతోంది. పైన ఏసీ గాలి తగిలి మూత చల్లగా ఉంటోంది. మీడియంలోని నీరు ఆవిరై మూతకీ గోడలకీ చుక్కలుగా పట్టి, ఆకుల మీద కారుతోంది. పారదర్శకపు ఆకులకి ఇది పెద్ద కారణం. హైపర్‌హైడ్రిసిటీ లేదా విట్రిఫికేషన్ అంటారు దీన్ని. ఆకు కణజాలంలో నీరు నిండిపోతుంది, మైనం పొర ఏర్పడదు, పత్రరంధ్రాలు సరిగా పనిచేయవు.

చోకుల్ని గది బయటికి మార్చడానికి వైరింగ్ అనుకూలించలేదు. క్రమంగా ఎల్ఈడీ పెట్టుకున్నారు. 16 గంటల వెలుతురు సమయాన్ని సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న పది వరకు మార్చాం. బయట చల్లగా ఉన్నప్పుడు లైట్ల వేడి, బయట మండుతున్నప్పుడు గది చీకటి. ఏసీ మీద భారం తగ్గింది, పగలు కరెంటు పోయినా లైట్ల వేడి తోడవ్వదు కాబట్టి గది మునుపటిలా వేడెక్కదు. మొక్కకి పగలు ఎప్పుడన్నది ముఖ్యం కాదు, గంటలు సరిగ్గా ఉంటే చాలు. వేడి ప్రాంతంలో ఖర్చు లేకుండా వచ్చే మార్పుల్లో దీన్ని నేను అన్నిటికన్నా ముందు పెడతాను.

అప్పుడు మీడియం దగ్గరికి వచ్చాం. చిగుళ్లు గుబురుగా రావాలని బీఏపీని లీటరుకు 3 మిల్లీగ్రాముల దాకా పెంచి ఉన్నారు. సైటోకైనిన్, ఆక్సిన్ నిష్పత్తితోనే చిగురా వేరా అన్నది తేలుతుందని స్కూగ్, మిల్లర్ 1957లోనే చూపించారు. కానీ సైటోకైనిన్ అతిగా ఇస్తే చిగుళ్ల సంఖ్య పెరిగి నాణ్యత పోతుంది, అడుగున కాలస్, అంటే రూపం లేని కణాల గుంపు, ముద్దలా పెరుగుతుంది. బీఏపీ ఒక మిల్లీగ్రాముకి, ఎన్ఏఏ 0.1కి తగ్గించాం. మీడియంను గట్టిపరిచే అగార్ 8 గ్రాముల నుంచి 9కి పెంచాం. విట్రిఫికేషన్ ఎక్కువగా ఉన్న లైన్లకి అమ్మోనియం నైట్రేట్‌ను 1650 మిల్లీగ్రాముల నుంచి సగానికి దించాం. మూతలకి ఫిల్టర్ రంధ్రం ఉన్నవి వాడాం, మొక్క వదిలే ఎథిలీన్ వాయువు, ఆవిరి బయటికి పోయేలా. ఒక్కో సీసాలో చిగుళ్లు తగ్గిన మాట నిజం. ఉత్పత్తి మేనేజర్‌కి టెన్షన్ కూడా పట్టుకుంది. అయితే ఒక సీసా నుంచి షెడ్డులో బతికే మొక్కలెన్ని అని లెక్క తీస్తే కొత్త పద్ధతే ముందుంది. ల్యాబుల్లో రాసుకోవాల్సిన లెక్క అదొక్కటే అని నా అభిప్రాయం.

కాలస్ నుంచి మొక్కలు తీయడానికి ఒప్పుకోలేదు. కాలస్ దశ దాటి వచ్చిన మొక్కల్లో జన్యు మార్పులు వచ్చే అవకాశం ఎక్కువ. అందంగా ఉండే పూల మొక్కలో కొత్త రూపం వస్తే ఉపయోగపడవచ్చేమో, ఆల్కలాయిడ్ కోసం పెంచే మొక్కలో అది నష్టం. పక్క మొగ్గల నుంచి వచ్చిన చిగుళ్లే తీసుకోవాలి, అడుగున కాలస్ కోసి పారేయాలి, ఎనిమిది సబ్‌కల్చర్లు దాటితే ఆ లైను ఆపి తల్లి మొక్క నుంచి మళ్లీ మొదలుపెట్టాలి అని నియమం పెట్టుకున్నాం.

వేళ్లు, ఆపై హార్డెనింగ్

వేళ్ల కోసం సగం బలం ఎంఎస్, చక్కెర 15 గ్రాములు, వేళ్లు తెప్పించే ఆక్సిన్ ఐబీఏ ఒక మిల్లీగ్రాము. మరో ఆక్సిన్ ఐఏఏ వద్దన్నాను, వెలుతురుకీ వేడికీ అది త్వరగా విరిగిపోతుంది. అగార్‌లో పొడవుగా పెరిగిన వేళ్లు చూడటానికి బాగుంటాయి కానీ వాటికి వేరు కేశాలు తక్కువ, మట్టిలోకి మార్చేటప్పుడు విరుగుతాయి. వేరు మొలక అర సెంటీమీటరు దాటగానే బయటికి తీసేలా మార్చాం. మిగిలిన పెరుగుదల కోకోపీట్‌లోనే (కొబ్బరి పీచు పొడి) జరగాలి.

బయటికి తీసే ముందు వారం పది రోజులు సీసాల్ని గ్రోత్ రూమ్ నుంచి తెచ్చి, నేరుగా ఎండ పడని, వెలుతురు బాగా వచ్చే మామూలు గదిలో ఉంచాం, మూతలు కొద్దికొద్దిగా వదులు చేస్తూ. చక్కెర తగ్గించి, వెలుతురు, గాలి పెంచితే సీసాలోని మొక్క తన ఆహారం తానే చేసుకోవడం నేర్చుకుంటుందని జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో తొయోకి కొజాయ్ ఏళ్ల తరబడి చేసిన పని చెబుతుంది. పూర్తిగా చక్కెర లేని పద్ధతి ఈ ల్యాబ్‌కి అందేది కాదు, కానీ ఆ దిశలో వేసిన ఈ కొద్ది అడుగులకే మొక్కల ఆకులు గట్టిపడ్డాయి.

పాలిథిన్ కప్పిన హార్డెనింగ్ టన్నెల్‌లో మధ్యాహ్నం 42 డిగ్రీలు నమోదైంది. మొక్కలు వాడుతున్నాయని సిబ్బంది గంటగంటకీ నీళ్లు చల్లుతున్నారు. కోకోపీట్ బురదై, వేళ్లకి గాలి అందక, పిథియం అనే బూజు లాంటి జీవి వల్ల వేరు కుళ్లు మొదలైంది. పైన ఎండటం, కింద కుళ్లటం, రెండూ ఒకే ట్రేలో. ఇక్కడ కావలసింది గాలిలో తేమ, వేళ్ల దగ్గర గాలి. టన్నెల్ పైన 75 శాతం షేడ్ నెట్ వేయించి, దానికీ పాలిథిన్‌కీ మధ్య రెండడుగుల ఖాళీ వదిలించాను, వేడి గాలి పోవడానికి. ట్రేలు బల్లల మీదికి ఎక్కాయి. కోకోపీట్‌లో ముతక ఇసుక, పెర్లైట్ కలిపాం. కోకోపీట్‌లోని ఉప్పు పోయేదాకా ముందే కడిగించాం. నీళ్లు చల్లడానికి బదులు సన్నటి ఫాగింగ్, వేడి గంటల్లో నేల తడపడం. మొక్కకి అంటిన అగార్‌ను పూర్తిగా కడగాలి, అందులోని చక్కెర బూజుకి ఆహారం.

టన్నెల్ తెరవడం ఎప్పుడూ సాయంత్రమే మొదలుపెట్టాలి. రాత్రి గాలిలో తేమ ఉంటుంది, మొక్క మీద ఒత్తిడి తక్కువ. తర్వాత పొద్దుటి గంటలు, చివరగా మధ్యాహ్నం. సీసాలో వచ్చిన పాత ఆకులు ఎప్పటికీ సరిగ్గా గట్టిపడవు, వాటిని కాపాడాల్సింది బయటి గాలిలో పుట్టిన రెండు మూడు కొత్త ఆకులు వచ్చేదాకానే.

ఇవన్నీ అయ్యాక కూడా నడివేసవిలో తీసిన బ్యాచ్‌లు బాగా రాలేదు. అందుకని క్యాలెండర్‌ను వెనక నుంచి లెక్కపెట్టడం మొదలైంది. వానలు తగ్గే నెలల్లో మొక్క టన్నెల్‌లోకి రావాలంటే తొలి కణుపు ఏ నెలలో పెట్టాలి అని చూసుకుని పని చేస్తున్నారు. కొత్త క్యాలెండర్‌తో నడిచిన సీజన్‌లో తొలి దశ కంటామినేషన్ పదింట ఒకటికి దగ్గరగా వచ్చింది, టన్నెల్‌లో పెట్టినవాటిలో నాలుగో వంతు కన్నా తక్కువే పోయాయి.

పొలంలో ఏమైంది

గింజ మొక్కకి తల్లివేరు ఉంటుంది. టిష్యూ కల్చర్ మొక్కకి కాండం మొదట్లో నుంచి పుట్టిన గుంపు వేళ్లు ఉంటాయి. వేరే పంట అయితే పట్టించుకోనక్కర్లేదు, సర్పగంధలో పంటే వేరు. పద్దెనిమిది నెలల తర్వాత తవ్వితే, వేళ్లలో రిసర్పిన్ శాతం తల్లి మొక్కలకి దగ్గరగానే ఉంది, పక్క మొగ్గల పద్ధతి మీద పెట్టుకున్న నమ్మకం నిలిచింది. వేరు బరువు మాత్రం పక్క మడిలోని ఆరోగ్యమైన గింజ మొక్కల కన్నా తక్కువ. సర్పగంధలో కొమ్మ కత్తిరింపుల మొక్కలకీ ఈ తేడా కనిపిస్తుంది కాబట్టి ఆశ్చర్యపోలేదు.

దీంతో ల్యాబ్‌కి ఇచ్చిన సలహా మారింది. పొలమంతా టిష్యూ కల్చర్ మొక్కలు వేయమని రైతుకి చెప్పడం సరికాదు. అయిదారు మేలైన తల్లి మొక్కల నుంచి క్లోన్లు తయారుచేసి, వాటిని ఒక్కచోట, మిగతా సర్పగంధకి దూరంగా నాటి, ఆ తోట నుంచి తాజా గింజ తీయాలి. నీళ్లలో మునిగిన గింజలతోనే నారు పోయాలి. గింజ మొక్కలు తల్లికి అచ్చంగా నకలు కావు, అయినా రెండు వైపులా ఎంచిన మొక్కలే కాబట్టి సగటు మెరుగ్గా ఉండాలి. ఆ తోట ఇప్పుడు కాపులో ఉంది, తొలి నారు నర్సరీలో ఉంది. వాటి వేరు బరువు, రిసర్పిన్ శాతం తెలియాలంటే మరో పద్దెనిమిది నెలలు ఆగి తవ్వాలి.